నడుమును లాగు యంత్రము

నడుము నొప్పి యెరుగని యిల్లు మన దేశములో అరుదు. బావి నుండి నీరు తోడిన కాలములోను ఈ బాధ ఉండెను, కుళాయి విప్పుకొను కాలములోను ఉన్నది. పొలములో నాట్లు వేయు స్త్రీకిని ఉన్నది, కుర్చీ విడువని గుమాస్తాకును ఉన్నది. 2020వ సంవత్సరములో ప్రపంచమంతటను సుమారు 61 కోట్ల 90 లక్షల మంది నడుము నొప్పితో బాధపడిరనియు, 2050 నాటికి ఆ సంఖ్య 84 కోట్లు దాటవచ్చుననియు 2023లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయన మొకటి అంచనా కట్టినది. ఇంతమందిని పీడించు బాధకు మందులు, తైలములు, పట్టీలు, యంత్రములు పుట్టుకొని వచ్చుట వింత కాదు. వానిలో ఒకటైన ట్రాక్షన్ యంత్రమును గూర్చి, అనగా విద్యుత్ మోటారు సహాయముతో నడుమును మెల్లగా లాగు బల్లను గూర్చి, మేమిచ్చట వివరింపదలచితిమి.

హైదరాబాదులోని తార్నాక ఈ విషయము ముచ్చటించుటకు తగిన చోటు. ఒక ప్రక్క 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము. అచ్చట గ్రంథాలయములలోను ప్రయోగశాలలలోను గంటల తరబడి వంగి కూర్చుండు విద్యార్థులు, అధ్యాపకులు ఉన్నారు. మఱియొక ప్రక్క జాతీయ పోషకాహార సంస్థ మొదలగు పరిశోధనాలయములు ఉన్నవి. ఆ పరిసరములలోనే రోడ్డు రవాణా సంస్థవారి ఆసుపత్రియు కలదు. 1932లో నిజాం రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో ప్రారంభించిన సర్వీసే క్రమముగా పెరిగి నేటి ఆర్టీసీ అయినది. దాని డ్రైవర్లును, కండక్టర్లును, డిపోలలో బండ్ల క్రింద పండుకొని మరమ్మతు చేయువారును, వారి కుటుంబములవారును వైద్యమునకై వచ్చునది ఈ ఆసుపత్రికే. కూర్చుండి చదువుటయు, కూర్చుండి బండి నడుపుటయు ఒకే పేటలో చేరినపుడు నడుమును గూర్చిన చర్చ అచ్చట దూరపు సంగతి కాదు.

నడుము పట్టి, నొప్పి పిఱుదు మీదుగా కాలిలోనికి దిగిన డ్రైవరు ముందు రెండు ప్రశ్నలు నిలుచును. మరల స్టీరింగు ముందు ఎన్నాళ్లకు కూర్చుండగలను? ఈలోగా దేని మీద డబ్బు ఖర్చు పెట్టవలెను? పది రోజులు ట్రాక్షన్ పెట్టించుకొమ్మని ఒకరందురు. ఆపరేషను తప్పదని ఒకరు భయపెట్టుదురు. నెల దినములు మంచము దిగవద్దని ఇంటి పెద్దలు హెచ్చరింతురు. ఈ సలహాలలో సారమెంతయో తెలియుటకు ముందు నడుము నిర్మాణమును కొంచెము తెలిసికొనవలెను.

వెన్నెముకలో నడుము భాగమున ఐదు పూసలున్నవి. పూసకును పూసకును మధ్య డిస్కు అనబడు మెత్త యుండును. దీని వెలుపలి భాగము ఉల్లిపొరల వలె పొరలు పొరలుగా గట్టి నారతో అల్లబడి యుండును. లోపలి భాగము తాటిముంజె వలె మెత్తగా, నీటితో నిండి యుండును. పెద్దవారి డిస్కునకు సొంత రక్తనాళములు దాదాపుగా లేవు. బరువు పడినపుడు అది నీటిని వెలికి విడుచును, బరువు తగ్గినపుడు తిరిగి పీల్చుకొనును. ఆ రాకపోకలు దాని పోషణకు తోడ్పడును. ఇందుచేతనే ప్రతివాడును ఉదయము లేచునప్పటి కంటె రాత్రి పండుకొనునప్పటికి సుమారు ఒక సెంటిమీటరు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, పొట్టి యగును. తెల్లవారుసరికి పోయిన ఎత్తు తిరిగి వచ్చును.

స్వీడను దేశపు వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ 1960 దశకములో సూదిని డిస్కులోనికి పంపి అందలి ఒత్తిడిని కొలిచెను. వెల్లకిల పండుకొన్నపుడు ఒత్తిడి తక్కువ, నిలిచినపుడు ఎక్కువ, ముందునకు వంగి బరువెత్తినపుడు మఱింత ఎక్కువ అని తేలినది. పండుకొన్నంత మాత్రముననే ఒత్తిడి ఇంత తగ్గునపుడు, పండుకొనబెట్టి లాగినచో ఇంకెంత తగ్గునో అను ఆలోచనకు ఇట్టి కొలతలు బలము చేకూర్చినవి.

ఇక కాలిలోనికి దిగు నొప్పి సంగతి. నడుము పూసల క్రింది భాగము నుండియు, దాని దిగువనున్న త్రికాస్థి నుండియు వెలువడు నరముల మొదళ్లు కలిసి తుంటి నరముగా ఏర్పడును. మన శరీరములోనికెల్ల లావైన నరమిదియే. పిఱుదు వెనుకగా దిగి, తొడ వెంబడి సాగి, శాఖలై పాదము వఱకు పోవును. డిస్కు వెలుపలి నార చిట్లి లోపలి గుజ్జు వెలికి వచ్చినపుడు అది నరము మొదలును ఒత్తును. ఒత్తుటయే గాక, ఆ గుజ్జులోని పదార్థములు నరమునకు వాపును మంటను కలిగించును. అపుడు నొప్పి నడుము వద్ద ఆగక మోకాలి క్రిందికి జారును. తిమ్మిరి పట్టును, దగ్గినను తుమ్మినను కరెంటు తగిలినట్లు జివ్వుమనును. దీనినే సయాటికా అందురు. రోగిని వెల్లకిల పండుకొనబెట్టి, మోకాలు వంచకుండ కాలు పైకెత్తి వైద్యులు పరీక్షించుట చాలమంది చూచియుందురు. ఫ్రాన్సు దేశపు లాసేగ్ పేరుతో ప్రసిద్ధమైన ఆ పరీక్షను 1881లో ఆయన శిష్యుడు ఫోర్స్ట్ వివరించెను.

మన ఆయుర్వేదమునకు ఈ వ్యాధి క్రొత్తది కాదు. చరక సంహితలో దీనికి గృధ్రసి అని పేరు. గృధ్రమనగా గ్రద్ద. నొప్పి చేత రోగి కాలీడ్చుచు నడచు తీరు ఆ పక్షి నడకను పోలియుండుటచే ఆ పేరు వచ్చినదని వ్యాఖ్యానము. ఇటలీలో కొటూన్యో అను వైద్యుడు 1764లో ఈ నొప్పి కీలునకు సంబంధించినది కాదనియు, నరమునకు సంబంధించినదనియు వేఱుపఱచి చూపెను. అమెరికాలో మిక్స్టర్, బార్ అను ఇద్దఱు వైద్యులు 1934లో డిస్కు చిట్లుటకును సయాటికాకును గల సంబంధమును స్పష్టముగా స్థాపించిరి. "డిస్కు జారినది" అను మాట లోకములో వ్యాపించినది ఆ తరువాతనే. నిజమునకు డిస్కు తన చోటు విడిచి జారదు. లోపలి గుజ్జు కొంత వెలికి పొడుచుకొని వచ్చును, అంతే.

లాగి నయము చేయుట మాత్రము ఇంతకంటె చాల ప్రాచీనమైన పద్ధతి. గ్రీకు వైద్యుడు హిపోక్రేటస్ పేరుతో ప్రసిద్ధమైన బల్ల యొకటి కలదు. రోగిని దాని మీద కట్టి, రెండు కొనలయందును ఇరుసులు త్రిప్పి వెన్నును లాగెడివారు. ఇరువదవ శతాబ్ది మధ్యభాగములో లండను నగరపు సెయింట్ థామస్ ఆసుపత్రిలో పనిచేసిన జేమ్స్ సిరియాక్స్ డిస్కు నొప్పికి ఈ చికిత్సను గట్టిగా సమర్థించెను. ఆసుపత్రి మంచము చివర కప్పీ అమర్చి, రోగి నడుమునకు పట్టీ కట్టి, త్రాటి కొనకు ఇసుక సంచి వ్రేలాడదీయుట మన పెద్దలకును తెలిసిన పద్ధతియే.

ఆ ఇసుక సంచి నిజముగా వెన్నును లాగెనా? 1955లో అమెరికా వైద్యుడు బెర్నార్డ్ జూడోవిచ్ ఈ ప్రశ్నను లెక్కతో విచారించెను. మనిషి బరువులో ఇంచుమించు సగము నడుము దిగువ భాగమున నున్నది. ఆ భాగమును పఱుపు మీద కదల్చుటకే దాని బరువులో సగము బలము రాపిడి క్రింద వ్యయమగును. అనగా 60 కిలోల మనిషికి మొదటి 15 కిలోల లాగుడు రాపిడికే సరిపోవును. వెన్నునకు చేరునది అటుపైని మాత్రమే. త్రాటికి ఐదాఱు కిలోలు కట్టినపుడు ఆ బరువు రోగిని మంచమునకు కట్టివేసినదే గాని డిస్కును విప్పలేదు.

ఈ చిక్కును తీర్చుటకే రెండు ముక్కల బల్ల వచ్చినది. పై ముక్క స్థిరముగా నుండును, క్రింది ముక్క చక్రముల మీద జరుగును. రోగి పండుకొనినపుడు నడుము సరిగా ఆ రెండింటి సందున పడవలెను. ఛాతీకి ఒక పట్టీ కట్టి పై ముక్కకు బిగింతురు, కటికి ఒక పట్టీ కట్టి దాని త్రాడును మోటారునకు తగిలింతురు. మోకాళ్ల క్రింద ఎత్తుపీట పెట్టి కాళ్లు మడచి యుంచుదురు. మోటారు త్రాటిని చుట్టుకొనునపుడు క్రింది ముక్క శరీరముతో కూడ జరుగును. కనుక రాపిడి దాదాపుగా లేక లాగుడు వెన్నునకు చేరును.

మోటారునకు మీట ఉండును, బలము చూపు సూచి యుండును. సామాన్యముగా రోగి బరువులో నాల్గవ వంతు నుండి సగము వఱకు బలమును వాడుదురు. ఎడతెగక లాగుట ఒక పద్ధతి. అర నిమిషమో నిమిషమో లాగి, పది ఇరువది సెకనులు సడలించి, మరల లాగుట రెండవ పద్ధతి. పదిహేను ఇరువది నిమిషములలో ఒక దినపు చికిత్స ముగియును. ఏ క్షణమున ఇబ్బంది తోచినను యంత్రమును నిలుపుటకు రోగి చేతికి ఒక స్విచ్చి ఇత్తురు. ఇటీవలి యంత్రములలో లాగుడును కంప్యూటరు నియమించును. డీకంప్రెషన్ అను పేరుతో ప్రచారము పొందిన ఖరీదైన బల్లలు 1990 దశకము నుండి వ్యాపించినవి. పేరు మాఱినను మూలసూత్రము అదియే.

బల్ల మీద నున్నంతసేపు చాలమందికి హాయి కలుగును. ఇది భ్రమ కాదు. లాగునపుడు పూసల మధ్య ఎడము స్వల్పముగా పెరుగుననియు, కండరముల బిగువు కొంత సడలుననియు పరీక్షలలో కనబడినది. ఐతే రోగి లేచి నిలిచి నాలుగడుగులు వేయగనే శరీరపు బరువు మరల డిస్కు మీద పడును. పగలెల్ల తగ్గిన ఎత్తు రాత్రి పెరిగినట్లే, బల్ల మీద పెరిగిన ఎడమును కొద్దిసేపటిలో తగ్గును. కనుక అడుగవలసిన ప్రశ్న, బల్ల మీద హాయిగా నుండెనా అనునది కాదు. నెల గడచిన పిమ్మట, ట్రాక్షన్ పెట్టించుకొన్నవారు పెట్టించుకొననివారి కంటె మేలుగా ఉన్నారా అనునది.

ఈ ప్రశ్నను శాస్త్రజ్ఞులు శ్రద్ధగా పరీక్షించిరి. నెదర్లాండ్సులో 151 మంది రోగులను చీటీలు వేసినట్లు రెండు వర్గములుగా విభజించిరి. ఒక వర్గమునకు శరీర బరువులో 35 నుండి 50 శాతము బలముతో నిజమైన ట్రాక్షన్ ఇచ్చిరి. రెండవ వర్గమును అదే విధముగా పట్టీలతో కట్టి, 20 శాతమునకు మించని నామమాత్రపు బలముతో లాగిరి. ఎవరికి ఏది లభించినదో రోగులకు తెలియదు. 1995లో ప్రకటింపబడిన ఫలితములలో రెండు వర్గములకును భేదము కానరాలేదు. 2013లో కాక్రేన్ సంస్థవారు 32 పరీక్షలను, వానిలో పాల్గొన్న 2,762 మంది ఫలితములను ఒక్కచోట చేర్చి చూచిరి. వానిలో చాల పరీక్షలు అంత పటిష్ఠమైనవి కావని వారే చెప్పిరి. ఐనను సయాటికా ఉన్నవారిలోను లేనివారిలోను నొప్పి మీద గాని, పనిచేయు శక్తి మీద గాని ట్రాక్షన్ ప్రభావము స్వల్పము లేక శూన్యమని వారి నిర్ణయము. నరము మొదలు ఒత్తుకొన్నవారికి మాత్రమైనను మేలు కలుగునేమో అని 120 మంది మీద జరిపి 2016లో ప్రకటించిన పరీక్షలోను, వ్యాయామమునకు ట్రాక్షన్ తోడు చేసినందువలన అదనపు లాభము కనబడలేదు.

ఈ ఫలితములను బట్టి ఇంగ్లండులోని నైస్ సంస్థ 2016లో నడుము నొప్పికిని సయాటికాకును ట్రాక్షన్ ఇయ్యవద్దని వైద్యులకు సూచించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలపు నడుము నొప్పిని గూర్చి ప్రకటించిన మార్గదర్శకములలో ట్రాక్షనునే గాక, అల్ట్రాసౌండు చికిత్సను, చర్మము మీద కరెంటు పెట్టు టెన్స్ చికిత్సను, నడుము బెల్టులను కూడ మామూలు చికిత్సగా వాడరాదని పేర్కొన్నది.

మఱి "నాకు పది సిట్టింగులలో నయమైనది" అను పొరుగువారి మాట అబద్ధమా? కాదు. వారికి నయమైన మాట నిజమే. నయము చేసినది బల్లయేనా అనుటలోనే సందేహము. క్రొత్తగా వచ్చిన నడుము నొప్పి చాలమందికి కొద్ది వారములలో తనంతట తానే తగ్గుముఖము పట్టును. వెలికి వచ్చిన డిస్కు గుజ్జును కూడ శరీరమే క్రమముగా కరగించుకొనుట అనేకులలో కనబడినది. నొప్పి మిక్కుటముగా నున్న దినమున మనము వైద్యశాలకు పోవుదుము. అటుపిమ్మట ఏది చేసినను, ఏమియు చేయకున్నను, తగ్గుటకే అవకాశము హెచ్చు. ఆ ఘనత ఆనాడు చేయుచున్న చికిత్సకు దక్కును. పైగా ఒకరు శ్రద్ధగా పరామర్శించి, ధైర్యము చెప్పి, కదలిక నేర్పినచో దాని వలనను మేలు కలుగును.

స్కానింగు చిత్రమును చూచి భయపడుట కూడ తగదు. అమెరికాలో నడుము నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీసి 1994లో ఫలితములు ప్రకటించిరి. వారిలో 52 శాతము మందికి ఏదో ఒక డిస్కు ఉబ్బియుండెను, 27 శాతము మందికి పొడుచుకొని వచ్చియుండెను. వీరెవ్వరును ఏ బాధయు ఎరుగరు. తల నెరసినట్లే డిస్కును వయస్సుతో మాఱును. చిత్రములోని ప్రతి మార్పును వ్యాధి కాదు.

ఐతే రోగి చేయవలసినదేమి? మొదటిది, మంచము పట్టకుండుట. ఫిన్లండు దేశమున హెల్సింకీ నగరపాలక ఉద్యోగుల మీద జరిపిన పరీక్ష 1995లో వెలువడినది. రెండు దినములు మంచమున నున్నవారి కంటెను, ప్రత్యేక వ్యాయామములు చేసినవారి కంటెను, నొప్పి ఓర్చుకొనగలిగినంత మేరకు తమ పనులు తాము చేసికొన్నవారు త్వరగా కోలుకొనిరి. రెండవది, నొప్పి తగ్గిన పిమ్మట నడక. ఆస్ట్రేలియాలో 701 మంది మీద జరిపిన పరీక్ష ఫలితములు 2024లో ప్రకటింపబడినవి. క్రమముగా పెంచుకొనుచు వారమునకు ఐదు దినములు, దినమునకు అరగంట నడచుటను లక్ష్యముగా పెట్టుకొన్నవారికి నొప్పి తిరుగబెట్టుటకు మధ్యస్థముగా 208 దినములు పట్టెను, నడక కార్యక్రమము లేనివారికి 112 దినములే పట్టెను. ఉస్మానియా ప్రాంగణపు చెట్ల క్రింద ఆర్ట్సు కళాశాల ముందుగా ప్రతిదినము నడచువారు, తెలిసియో తెలియకయో, తమ నడుమునకు మంచి మందే వాడుచున్నారు.

డ్రైవరునకు మఱియొక చిక్కు కలదు. కూర్చున్న మనిషి వెన్ను సెకనుకు సుమారు నాలుగు నుండి ఆఱు మాఱులు కదలు కుదుపునకు మిక్కిలిగా ఊగును. బండి కుదుపులలో పెక్కు ఈ కోవకు చెందినవే. కనుక స్ప్రింగు దిగిపోని సీటు, వీపునకు ఆనిక, ట్రిప్పునకును ట్రిప్పునకును మధ్య దిగి పదడుగులు నడచుటకు వ్యవధి, ఇవి సుఖము కొఱకు కోరునవి కావు, అవసరములు. సీటు బాగు చేయక నడుమును మాత్రము బల్ల మీద లాగించుట, కారుచున్న కప్పును విడిచి నేల తుడుచుట వంటిది.

ఆపరేషను ఎపుడును వద్దనుట కూడ పొరపాటే. నెదర్లాండ్సులో ఒకటిన్నర నుండి మూడు నెలలుగా తీవ్రమైన సయాటికాతో బాధపడుచున్న 283 మందిని పరిశీలించి 2007లో ఫలితములు ప్రకటించిరి. త్వరగా ఆపరేషను చేయించుకొన్నవారికి కాలి నొప్పి శీఘ్రముగా తగ్గెను. ఆగి చూచినవారును సంవత్సరము తిరుగుసరికి వారితో ఇంచుమించు సమానముగా కోలుకొనిరి. కనుక ఎక్కువ మంది విషయములో ఇది తొందర లేని నిర్ణయము. నొప్పిని ఎంతకాలము ఓర్వగలరో రోగియు వైద్యుడును కలిసి ఆలోచించుకొనవచ్చును.

కాని కొన్ని లక్షణములు కనబడినపుడు ఒక్క దినమును ఆలస్యము చేయరాదు. మూత్రము ఆగిపోయినను, తెలియకుండ పోయినను, మలము మీద అదుపు తప్పినను, కూర్చుండు చోట తిమ్మిరి పట్టినను, పాదము పైకెత్తలేక జారిపోవుచున్నను, రెండు కాళ్లును బలహీనమగుచున్నను వెంటనే పెద్ద ఆసుపత్రికి పోవలెను. అది నరముల కట్ట నలిగిపోవుచున్న గుర్తు కావచ్చును. గడచిన గంటలను బట్టి పోయిన శక్తి తిరిగి రాకపోవచ్చును. జ్వరము, బరువు తగ్గుట, రాత్రులందు నిద్ర పట్టనీయని నొప్పి, పూర్వము కాన్సరు వచ్చియుండుట, పడి దెబ్బ తగులుట, ఇవి ఉన్నను ముందుగా వైద్యునితో చెప్పవలెను. మన దేశములో వెన్నెముకకు క్షయ సోకుట అరుదు కాదు. అది మందులతో నయమగు వ్యాధి. దానిని నడుము పట్టుగా భావించి బల్ల మీద లాగించుట ప్రమాదము. ఎముకలు గుల్లబాఱిన వృద్ధులకును, గర్భవతులకును, వెన్ను విఱిగినవారికిని, ఛాతీ పట్టీ వలన ఊపిరి ఆడనివారికిని ఈ యంత్రము తగదు.

ఎవరైనను ట్రాక్షన్ సూచించినచో వారిని నిస్సంకోచముగా మూడు మాటలడుగుడు. నాకు ఇంతకంటె పెద్ద జబ్బు లేదని పరీక్షించితిరా? బల్ల దిగిన పిమ్మట ఇంటివద్ద నేను చేయవలసిన వ్యాయామమేది? ఎన్ని సిట్టింగులకు మేలు కనబడకున్న మానుదము? ఈ మూడింటికిని సూటిగా సమాధానము చెప్పు వైద్యుని వద్ద నున్నవారికి భయము లేదు. సమాధానము లేక ముందుగానే పది పదిహేను సిట్టింగులకు సొమ్ము కట్టుమన్నచో, ఆ సొమ్మును మంచి చెప్పులకును, పనిచోట మంచి కుర్చీకిని వెచ్చించుట మేలు.

మోటారు బలమైనది, ఓపిక గలది, చెప్పినంత బలముతో చెప్పినంతసేపు లాగును. కాని డిస్కునకు ఆహారము పంపునది కదలిక, పుండును మాన్పునది కాలము. ఈ రెండును ఏ దుకాణములోను అమ్మబడవు, ఏ యింటివారికైనను ఖర్చు లేక లభించును. నొప్పి తగ్గుచున్న కొలది దినమునకు నాలుగడుగులు అదనముగా వేయువాడే తన నడుమును తాను తిరిగి సంపాదించుకొనును.